స్టేషన్ 400 మీటర్లే, అయినా స్కూటర్ తీయాల్సిందే: కార్పొరేషన్‌ను ఏం అడగాలి?

కుందలహళ్లి_కాలినడక | ఆదివారం ఉదయం 8:10

అసోసియేషన్ తరఫున బెంగళూరు తూర్పు కార్పొరేషన్‌కు అర్జీ రాస్తున్నాం. కమిటీలో మూడు వర్గాలున్నాయి. ఒకరికి స్కైవాక్ (రోడ్డు మీదుగా కాలినడక వంతెన) కావాలి, ఒకరికి హంపులు కావాలి, ఇంకొకరికి సిగ్నల్. తెలిసినవాళ్లు చెబితే తప్పుది అడగకుండా ఉంటాం.

చోటు ఇలా ఉంటుంది. మా కమ్యూనిటీ గేటు నుంచి మెట్రో పర్పుల్ లైన్ స్టేషన్ మెట్లకు 400 మీటర్లు. మొదటి 120 మీటర్లు కాలిబాట బాగానే ఉంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం. దాని పక్కన ఒక షోరూం ర్యాంపు, ర్యాంపు మీద వాళ్ల కార్లు. ఆ పైన కాలువ మీద రెండు బండలు లేవు. ఆ తర్వాత పక్క రోడ్డు కలిసే చోట ఫ్రీ లెఫ్ట్ (ఆగకుండా ఎడమకు తిరిగే మూల). బడి, మార్కెట్, అటువైపు వెళ్లే బస్సులు ఆగే చోటు అన్నీ రోడ్డుకు అవతల. రోడ్డు అటు మూడు లేన్లు, ఇటు మూడు లేన్లు. నడుమ మెట్రో స్తంభాలు, నడుమెత్తు కంచె. కంచెకు సందు ఉన్నది యూటర్న్ దగ్గరే, 600 మీటర్ల అవతల. ఎదురుగా కనబడే బడికి నడిచి వెళ్లాలంటే 1.2 కి.మీ. అందుకే అందరూ బండి తీస్తున్నారు. పొద్దున 8 గంటలకు బడి ముందు జామ్ అయ్యేదీ ఈ బండ్లతోనే.

మదనపల్లె_మామ | ఆదివారం ఉదయం 8:32

మీరేం అడిగినా వాళ్లు కట్టేది స్కైవాకే లేప్పా. దానికైతే అడ్వర్టైజుమెంటు బోర్డు తగిలించొచ్చు. జీబ్రా గీతలకు ఏం తగిలిస్తారు?

రోడ్డుకొలత | ఆదివారం ఉదయం 9:15

మామ ఎగతాళిగా అన్నా విషయం అదే. స్కైవాక్ ఎందుకు వద్దో లెక్క చూడండి. రోడ్డు మీద 5.5 మీటర్ల ఖాళీ వదలాలి. దూలం మందం కలిపితే నడిచే తలం దాదాపు 6.5 మీటర్ల ఎత్తులో వస్తుంది. మెట్టుకు 15 సెంటీమీటర్లు అనుకుంటే ఎక్కడానికి 43, దిగడానికి 43. కూరగాయల సంచితో, మోకాళ్ల నొప్పితో, చంకలో పిల్లతో 86 మెట్లు. లిఫ్టు పెడతామంటారు, పెడతారు కూడా. దాన్ని ఏటా నిర్వహించే కాంట్రాక్టు ఎవరి పేరున ఉందో మాత్రం టెండరులో ఉండదు. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసమే లిఫ్టు కాబట్టి, అది ఆగిన రోజు దారి మూసుకుపోయేది వాళ్లకే.

మీ దగ్గర మెట్రో స్టేషన్ ఎలాగూ ఉంది. రెండు వైపులా మెట్లుంటే టికెట్ గేటుకు ఇవతల కాన్‌కోర్సు (టికెట్లు ఇచ్చే అంతస్తు) గుండా రోడ్డు దాటడానికి వీలుందో లేదో ముందు చూడండి. వీలుంటే ఆ ఎత్తు దారి మీకు ఇప్పటికే ఉన్నట్టు. పక్కన ఇంకో స్కైవాక్ కట్టడం డబ్బు దండగ. చివరి రైలు వెళ్లాక షట్టర్ దించుతారు కాబట్టి నేల మీద దాటే చోటు మాత్రం కావాల్సిందే.

అడగాల్సింది: బడికి ఎదురుగా, నేల మీద, సిగ్నల్ ఉన్న జీబ్రా. మీడియన్‌లో, అంటే రోడ్డు నడుమ కంచె ఉన్న పట్టీలో, నిలబడే చోటు. ఒక్కో వైపు 3 లేన్లు అంటే 10.5 మీటర్లు. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు, 9 సెకన్లు పడుతుంది. పెద్దవాళ్లకు 0.8 మీటర్లే వేసుకోండి, 13 సెకన్లు. మధ్యలో ఆగే చోటు లేకపోతే ఒకే ఊపులో 23 మీటర్ల పైన దాటాలి, పెద్దవాళ్లకు 29 సెకన్లు. అంతసేపు వాహనాలు ఆపడానికి ట్రాఫిక్ పోలీసులు ఒప్పుకోరు. 13 సెకన్లకైతే అభ్యంతరం చెప్పడం కష్టం.

కుందలహళ్లి_కాలినడక | ఆదివారం ఉదయం 9:40

కాన్‌కోర్సు సంగతి తట్టలేదండి, చూస్తాం. సిగ్నల్ అడిగితే 'అక్కడ దాటేవాళ్లే లేరు' అంటారేమో?

రోడ్డుకొలత | ఆదివారం ఉదయం 10:05

అంటారు. దానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకంలోనే సూత్రం ఉంది, ఐఆర్‌సీ 103. రద్దీ గంటల్లో గంటకు దాటే మనుషులు 'పీ', గంటకు వచ్చే వాహనాలు 'వీ'. వీని వీతో గుణించి, దాన్ని పీతో గుణించండి. మీడియన్ ఉన్న రోడ్డు మీద ఆ సంఖ్య 20 కోట్లు దాటితే నియంత్రిత క్రాసింగ్ పెట్టొచ్చు. మీడియన్ లేకపోతే 10 కోట్లు చాలు.

మీ రోడ్డు మీద రద్దీ వేళ గంటకు 3000 వాహనాలు అనుకుందాం. 3000ను 3000తో గుణిస్తే 90 లక్షలు. 20 కోట్లను దాంతో భాగిస్తే 22.2. అంటే గంటకు 23 మంది దాటితే సరిపోతుంది. కంచె దూకి దాటేవాళ్లను లెక్కబెట్టినా అంతకంటే ఎక్కువే వస్తారు.

జయనగర్_నాలుగోబ్లాక్ | ఆదివారం ఉదయం 11:20

లెక్కబెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రమాదకరమైన చోట దాటేవాళ్లు తక్కువే కనిపిస్తారు, భయపడి మానుకున్నవాళ్లు లెక్కలోకి రారు. అందుకే రెండు పట్టీలు పెట్టుకోండి. ఒకదాంట్లో కంచె దూకినవాళ్లు. రెండోదాంట్లో మీ గేటు నుంచి బయల్దేరి, యూటర్న్ తీసుకుని, బడి ముందు పిల్లల్ని దింపిన బండ్లు. రెండోది గేటు కాపలా దగ్గర ఒకరు, బడి దగ్గర ఒకరు నిలబడి బండి నంబరు చివరి నాలుగు అంకెలు రాసుకుంటే తేలిపోతుంది. మంగళ, బుధ, గురువారాల్లో పొద్దున 7:30 నుంచి 9:30, సాయంత్రం 5:30 నుంచి 7:30. సోమ, శుక్రవారాలు వద్దు, ఆఫీసుల రద్దీ ఆ రెండు రోజులూ తేడాగా ఉంటుంది. 15 నిమిషాలకొక గడి గీసుకోండి, గంటకొకటి వేస్తే బడి గంట కొట్టే ముందు వచ్చే ఆ ఒక్క పోటు అందులో కలిసిపోతుంది.

అర్జీకి రెండో పట్టీయే ప్రాణం. 'మేం నడుస్తాం' అనే మాటకు విలువ లేదు. 'ఈ క్రాసింగ్ లేనందువల్ల మీ రోడ్డు మీదికి రోజుకు ఇన్ని బండ్లు అదనంగా వస్తున్నాయి' అంటే ట్రాఫిక్ పోలీసులూ వింటారు.

స్టీరింగ్_శీను | ఆదివారం మధ్యాహ్నం 12:45

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతా. టామ్‌టామ్ అనే సంస్థ 2024 ట్రాఫిక్ సూచీ ప్రకారం బెంగళూరులో 10 కి.మీ. వెళ్లడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు. ఇప్పటికే ఇలా ఉంటే ప్రతి బడి ముందూ ఒక సిగ్నల్ పెడితే ఏమవుతుంది? అసలు లోపం డిసిప్లిన్‌ది. గీతల దగ్గర దాటరు, హెల్మెట్ పెట్టరు, రాంగ్ సైడ్ వస్తారు. రోడ్డును తప్పుబడితే ఏం లాభం?

రూట్500డి | ఆదివారం మధ్యాహ్నం 1:30

శీనన్నా, మీ అంకెతోనే చెబుతా. 10 కి.మీ.కు 34 నిమిషాలు అంటే గంటకు 17.6 కి.మీ. అది సగటు, రద్దీ వేళ కారు అంతకంటే మెల్లగానే పోతోంది, సిగ్నల్ ఉన్నా లేకపోయినా. 13 సెకన్లు ఆపితే ముందున్న వరుసలో ఆగేది ఇక్కడ ఆగుతుంది, అంతే. మనుషుల్ని చంపే వేగం రద్దీ వేళది కాదు, రాత్రి 10 దాటాక, తెల్లారకముందు రోడ్డు ఖాళీగా ఉన్నప్పటిది. అదే వెడల్పు, అదే తిన్నని రోడ్డు, ఎదురుగా ఎవరూ లేరు. యాక్సిలరేటర్ తొక్కమని రోడ్డే చెబుతుంది.

ఇక వెడల్పు సంగతి. బీఎంటీసీ (సిటీ బస్సుల సంస్థ) బస్సు 12 మీటర్ల పొడవు, 60 మందిని పట్టుకుపోతుంది. ఆ 60 మంది కారుకు ఒకటిన్నర మంది చొప్పున ఎక్కితే 40 కార్లు. నిలబడి ఉన్నప్పుడే ఒక్కో కారుకు ముందు సందుతో కలిపి 6 మీటర్లు. 240 మీటర్ల వరుస. సిల్క్‌బోర్డు, కేఆర్‌పురం మధ్య 2019 చివర్లో బస్సులకు ప్రత్యేక లేన్ పెట్టింది ఈ లెక్క చూసే. ఆ తర్వాత అదే రోడ్డు మీద మెట్రో పనులు వచ్చాయి, లేన్ పోయింది. మెట్రో పూర్తయ్యాక అది తిరిగి వస్తుందా, కార్లకే ఉండిపోతుందా అన్నది ఇప్పుడు అడగాల్సిన మాట.

రోడ్డుకొలత | ఆదివారం మధ్యాహ్నం 2:20

డిసిప్లిన్ మాటకు జవాబు భౌతికశాస్త్రంలో ఉంది. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లే సరికి 1.5 సెకన్లు. 30 కి.మీ. వేగంలో ఆ లోపు బండి 12.5 మీటర్లు పోతుంది, బ్రేకు పట్టాక ఇంకో 5 మీటర్లు. మొత్తం 17.5. 50 కి.మీ. వేగంలో బ్రేకు మీద కాలు పడకముందే 21 మీటర్లు పోతుంది, మొత్తం 35. వాన పడి తారు జారుతుంటే 45.

ఇప్పుడు పిల్లవాడు 18 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. 30లో వస్తున్న కారు వాడి ముందు ఆగుతుంది. 50లో వస్తున్న కారు బ్రేకు వేయకముందే, వేగం ఇసుమంతైనా తగ్గకుండా తగులుతుంది. ఇద్దరు డ్రైవర్లూ సమానంగా క్రమశిక్షణ గలవాళ్లే, ఇద్దరూ లైసెన్సు ఉన్నవాళ్లే.

చట్టం మాటకొస్తే, కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో పురపాలక పరిధి రోడ్లకు కార్ల గరిష్ఠ వేగం 70 కి.మీ. అంతకంటే తక్కువ పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 చాలని 2020 ఫిబ్రవరి స్టాక్‌హోం రోడ్డు భద్రత ప్రకటనలో ఉంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో ఐదో వంతుకు కాస్త తక్కువ నడిచేవాళ్లు, 44 శాతం పైన ద్విచక్ర వాహనాల వాళ్లు. కారు లోపల కూర్చున్నవాళ్లు ఈ రెండు గుంపుల తర్వాతే.

మదనపల్లె_మామ | ఆదివారం మధ్యాహ్నం 3:05

అయితే హంపు ఏస్తే సరిపాయె కదన్నా? ఆరు హంపులు ఏసి పారేయమను.

రోడ్డుకొలత | ఆదివారం మధ్యాహ్నం 3:40

మామా, హంపు అంటే ఏ హంపు? కొలత ప్రకారం వేసేది 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు. దాని మీద 25 కి.మీ. వేగంతో హాయిగా పోవచ్చు, అంతకు మించితే కుదుపు. మన వీధుల్లో వేసేది ఒక మీటరు పొడవున 15 సెంటీమీటర్ల తారు ముద్ద. దాని మీద 10లో వెళ్లినా నడుం విరుగుతుంది, కాబట్టి డ్రైవరు అక్కడ పూర్తిగా ఆపి, దాటగానే ఆ కోపమంతా యాక్సిలరేటర్ మీద చూపిస్తాడు. స్కూటర్ వాళ్లు అంచున ఉన్న సందులోంచి కాలువ పక్కగా పోతారు, అంటే సరిగ్గా నడిచేవాళ్లు ఉండే చోటికి. అంబులెన్సులో వెన్ను దెబ్బతిన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు.

ఆరు లేన్ల మెయిన్ రోడ్డు మీద హంపు వద్దు. అక్కడ సిగ్నల్. హంపు కావాల్సింది మీ పక్క రోడ్డు కలిసే చోట, అది కూడా బల్లలా. కాలిబాట ఎత్తులోనే పక్క రోడ్డు అడ్డంగా లేపి, పైభాగం 3 మీటర్లు చదునుగా ఉంచి, రెండు వైపులా వాలు ఇవ్వాలి. నడిచేవాడు దిగకుండా, ఎక్కకుండా పోతాడు. దిగి ఎక్కాల్సింది కారు.

ఆ ఫ్రీ లెఫ్ట్ గురించి కూడా. మూల వంపు 12, 15 మీటర్ల వ్యాసార్థంతో ఉంటే ఎడమకు తిరిగే కారు వేగం తగ్గించదు, డ్రైవరు కళ్లు కుడివైపు వచ్చే వాహనాల మీదుంటాయి, ఎడమ పక్క నడిచేవాణ్ని చూడడు. దాన్ని 6 మీటర్లకు కుదించమనండి. ఖర్చు దాదాపు లేదు. ముందు మూడు నెలలు ప్లాస్టిక్ స్తంభాలు, పెయింటుతో చేసి చూడమనొచ్చు. బస్సు తిరిగే మూల అయితే మాత్రం 6 చాలదు, బస్సు రూటు చూసి అడగండి.

మోరీమేస్త్రి | ఆదివారం సాయంత్రం 6:10

కాలిబాట గురించి ఎవరూ కింద ఏముందో చూడలేదు. బెంగళూరులో కాలిబాట అంటే వాన నీటి కాలువకు వేసిన మూత. 90 సెంటీమీటర్లు పొడవు, 60 వెడల్పు, 10 మందం గ్రానైట్ బండ దాదాపు 145 కిలోలు. వానలకు ముందు పూడిక తీయాలంటే ఆ బండ లేపాలి. నలుగురు కావాలి, వచ్చేది ఇద్దరు. గడ్డపారతో ఒక మూల లేపుతారు, మూల విరుగుతుంది. లేదా జేసీబీ పంటితో లాగుతారు, బండ రెండు ముక్కలు. తీసిన పూడికను అక్కడే కాలిబాట మీద పోస్తారు, ఆరాక ఎత్తుదామని. మొదటి వానకు అది మళ్లీ కాలువలోకే. బండ మాత్రం తిరిగి పడదు. మీ దగ్గర లేని ఆ రెండు బండలు ఇలాగే పోయుంటాయి.

అందుకని 'కాలిబాట బాగు చేయండి' అని రాయకండి. కొత్త బండలు వేస్తారు, వచ్చే మే నెలలో మళ్లీ పగలగొడతారు. ఇలా రాయండి: కాలువ మూత కాంక్రీటు పలకగా పోయాలి, ప్రతి 10 మీటర్లకు ఒక మనిషి దిగే గుంత, దానికి కొక్కెం ఉన్న ఇనుప మూత. పూడిక ఆ గుంతల్లోంచే తీయాలి. కరెంటు తీగలకూ ఇంటర్నెట్ తీగలకూ విడి గొట్టాలు. సెయింట్ మార్క్స్ రోడ్డు, విట్టల్ మాల్యా రోడ్డు మీద టెండర్‌ష్యూర్ అనే రోడ్ల పథకం పనుల్లో చేసింది ఇదే. నేల కింద ఏది ఎక్కడుందో ముందే తేల్చారు, అందుకే పైన తవ్వే పని తగ్గింది.

ఇంకో తిరకాసు వైట్‌టాపింగ్. పాత తారు మీద 15 నుంచి 20 సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తే రోడ్డు అంత లేస్తుంది. పక్కనున్న కాలిబాట ఎత్తు 15 సెంటీమీటర్లే. రెండూ ఒకే మట్టం. ఆ రోజు నుంచి అది పార్కింగ్. అప్పుడు కాలిబాటను 30 సెంటీమీటర్లు లేపుతారు, పెద్దవాళ్లు ఎక్కలేక రోడ్డు మీద నడుస్తారు. తారు రోడ్డయినా పాత పొరను మిల్లింగ్ మెషీన్‌తో గీకి తీయకుండా పైన పోసుకుంటూ పోతే ఇదే వరస.

కుందలహళ్లి_కాలినడక | ఆదివారం సాయంత్రం 7:00

మేస్త్రిగారూ, ఇది నేరుగా అర్జీలో వేసేస్తా. ఇంకో సందేహం. ఉన్న 120 మీటర్ల కాలిబాట మీద సాయంత్రం స్కూటర్లు పోతాయి. అడ్డంగా స్తంభాలు నాటమని కమిటీ అంటోంది.

జయనగర్_నాలుగోబ్లాక్ | ఆదివారం రాత్రి 7:45

నాటితే చక్రాల కుర్చీ ఆగుతుంది, స్కూటర్ ఆగదు. చక్రాల కుర్చీకి 90 సెంటీమీటర్ల సందు వదలాలి. స్కూటర్ హ్యాండిల్ 70 సెంటీమీటర్లు. లెక్క అక్కడే తప్పింది. సందు తగ్గించి ఇంగ్లీషు 'జెడ్' ఆకారపు కడ్డీలు పెట్టినచోట పిల్లల తోపుడు బండి కూడా పోదు.

స్కూటర్ కాలిబాట ఎక్కేది స్తంభాల మధ్య కాదు, ఇంటి ముందు ర్యాంపు మీద. ప్రతి ఇల్లూ, ప్రతి కొట్టూ తన గేటు ముందు కాలిబాట మొత్తాన్ని రోడ్డు మట్టానికి వాలుగా దించేస్తుంది. నడిచేవాడికి అది అలల మీద నడక, స్కూటర్‌కు అది స్వాగత ద్వారం. పద్ధతి ఏమిటంటే, కాలిబాట మట్టం మారకూడదు. రోడ్డు అంచున 60 సెంటీమీటర్లలోనే వాలు ముగియాలి. 15 సెంటీమీటర్ల ఎత్తుకు ఆ వాలు కాస్త నిటారుగా ఉంటుంది, కారు మెల్లగా ఎక్కుతుంది, స్కూటర్ వాడికి ఊపు రాదు. వెడల్పు 1.8 మీటర్లు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. చెట్టు, దీపం, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ ఆ 1.8కి బయట. చూపు లేనివాళ్లకు దారి చూపే పసుపు పలకలు వేస్తే అవి స్తంభానికో చెట్టుకో వెళ్లి ఆగకుండా చూడమనండి, మన ఊళ్లో ఆ వింత చాలాచోట్ల ఉంది.

మదనపల్లె_మామ | ఆదివారం రాత్రి 8:20

నాకు అర్థం కానిది ఒకటుంది. మల్లేశ్వరంలో ముసలోళ్లు గూడా చేతి సంచి పట్టుకోని పొద్దున్నే తిరగతా ఉంటారు. ఆ రోడ్లేమన్నా యెడల్పా? సన్నవే. మీ వైట్‌ఫీల్డు పక్క రోడ్లు అంతంత పెద్దవి, మనిషి కనపడడు. యాడ తేడా?

జయనగర్_నాలుగోబ్లాక్ | ఆదివారం రాత్రి 9:10

గోడల్లో ఉంది మామా. మల్లేశ్వరం ప్లేగు తర్వాత వేసిన పేట, జయనగర్ 1948 నాటిది. మెయిన్ రోడ్లు, వాటికి అడ్డంగా క్రాస్ రోడ్లు. ఏ మూల నుంచైనా ఏ మూలకైనా మూడు నాలుగు దారులు. తూర్పు వైపు పెరిగింది వేరేగా. ఊరి బండి బాటలు అలాగే ఉండిపోయాయి, పొలాలు ఒక్కొక్కటిగా గేటెడ్ కమ్యూనిటీలయ్యాయి. 30 ఎకరాల కమ్యూనిటీని చదరం అనుకుంటే ఒక్కో పక్క దాదాపు 350 మీటర్లు, చుట్టుకొలత 1.4 కి.మీ. గేటు ఒక్కటే. వెనక గోడకు ఆనుకునే కిరాణా కొట్టున్నా 700 మీటర్లు చుట్టి రావాలి, ఆ 700 మీటర్లూ గోడే. కొట్టు లేదు, కిటికీ లేదు, దీపం లేదు. రాత్రి 8 తర్వాత ఒంటరి ఆడపిల్ల ఆ గోడ పక్కన నడవదు, క్యాబ్ పిలుస్తుంది. పువ్వుల బండి, ఇస్త్రీ బండి ఉన్న వీధిలో ఆ భయం సగం తగ్గుతుంది. వాటిని తీసేసి కాలిబాట 'ఖాళీ చేశాం' అనడం కూడా తప్పే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకు చోటు చూపాలి.

మీ కమ్యూనిటీలో లోపలి రోడ్లు ప్లాన్ మంజూరు సమయంలో రిలింక్విష్‌మెంట్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) ద్వారా స్థానిక సంస్థకు అప్పగించారేమో చూసుకోండి. అప్పగించి ఉంటే అవి ప్రజల రోడ్లు. అప్పగించకపోయినా అసోసియేషన్ తీర్మానంతో వెనక గోడకు ఒక మీటరున్నర చిన్న ద్వారం పెట్టుకోవచ్చు, కాపలాతోనో కార్డుతోనో. మీ 400 మీటర్లు 250 అయ్యే వీలుందేమో మ్యాప్ చూడండి. దీనికి కార్పొరేషన్ అక్కర్లేదు.

పార్కింగ్ సంగతి ఒక్క మాటలో: నేలమాళిగలో ఒక్కో కారుకు తిరిగే దారితో కలిపి 32 చదరపు మీటర్లు లెక్కేస్తారు. 500 ఫ్లాట్లకు తలా ఒకటి అంటే 16,000 చదరపు మీటర్లు, నాలుగెకరాలకు ఓ పిసరు తక్కువ. ఆ డబ్బు ఫ్లాటు ధరలో కలిసే ఉంటుంది, కారు లేనివాడూ కడతాడు.

స్టీరింగ్_శీను | ఆదివారం రాత్రి 9:50

గోడ, ద్వారం సంగతి ఒప్పుకుంటా. కానీ వానలో, ఎండలో అందరూ నడవలేరు. మెట్రో కూడా 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 రూపాయలు చేసింది. ఇద్దరు కలిసి వెళ్తే స్కూటరే చవక. జనం లెక్కలు రాని వాళ్లు కాదు.

రూట్500డి | సోమవారం ఉదయం 7:20

ఆ మాట నిజమే, టికెట్ పెరిగితే బండి గెలుస్తుంది. అందుకే బస్సు విడవకూడదంటాను. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకంలో రాష్ట్ర మహిళలకు మామూలు బస్సుల్లో టికెట్ లేదు. కానీ బస్సు ఆగే చోటికి చేరడం ఎలా? మీ అర్జీలో బస్సు ఆగే చోటుకు ఒక పేరా ఇవ్వండి.

కాలిబాటను లోపలికి గుంతలా కోసిన బస్ బే వద్దు. అందులో ఆటోలు, క్యాబులు నిలబడతాయి, బస్సు రెండో లేన్‌లోనే ఆగుతుంది, జనం పరుగెత్తి వాహనాల మధ్యలోంచి ఎక్కుతారు. బదులుగా కాలిబాటనే రోడ్డు మీదికి ముందుకు తెచ్చి, బస్సు తన లేన్‌లోనే ఆగేలా చేయాలి. ఎక్కే చోటు ఎత్తు 15 సెంటీమీటర్లు ఉంటే లో ఫ్లోర్ బస్సుకు మెట్టు బాధ తగ్గుతుంది. జీబ్రా బస్సుకు వెనక ఉండాలి, ముందు కాదు. బస్సు ముందు నుంచి దాటేవాణ్ని ఓవర్‌టేక్ చేసే బండి చూడలేదు.

దీపాలు: 9, 10 మీటర్ల స్తంభం మీది లైటు రోడ్డుకు పనికొస్తుంది. కింద కాలిబాట మీద చెట్ల నీడ చీకటే. అదే స్తంభానికి 4 మీటర్ల ఎత్తులో కాలిబాట వైపు ఇంకో చేయి వేయమనండి. కొత్త స్తంభం అక్కర్లేదు.

రోడ్డుకొలత | సోమవారం ఉదయం 8:45

అర్జీ ఒక్కటిగా పంపితే ఒక్కరూ పట్టించుకోరు, ప్రతి ఆఫీసూ మిగతాది తమది కాదంటుంది. విడగొట్టండి. కాలిబాట, కాలువ మూత, మూల కుదింపు, పక్క రోడ్డు బల్ల తూర్పు కార్పొరేషన్‌కు. 2025 సెప్టెంబరు 2 నుంచి పాత నగరపాలిక బీబీఎంపీ లేదు, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు, కాబట్టి పాత చిరునామాతో పంపకండి. సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులకు, లెక్కల పట్టీతో. స్టేషన్ మెట్ల ముందు చోటు మెట్రో సంస్థ బీఎంఆర్‌సీఎల్‌కు. ట్రాన్స్‌ఫార్మర్ జరపడం విద్యుత్ సంస్థకు. బస్సు ఆగే చోటు బీఎంటీసీకి. అన్నింటికీ ఒకే ఫొటోల వరుస, ఒకే మ్యాపు జతచేయండి. ప్రతి ఫొటోలో టేపు కనబడాలి. 'కాలిబాట ఎత్తుగా ఉంది' కాదు, '31 సెంటీమీటర్లు' అని కనబడాలి.

చట్టం నుంచి రెండు ముక్కలు చాలు. మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్, 2019 సవరణతో వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణం గానీ అంగవైకల్యం గానీ జరిగితే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా. రెండోది, 2025 మేలో సుప్రీంకోర్టు కాలిబాట వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ (జీవించే హక్కు) కిందికి వస్తుందని చెప్పింది. బెదిరింపుగా కాదు, చివరి పేరాలో మెల్లగా రాయండి.

మోరీమేస్త్రి | సోమవారం ఉదయం 9:30

రోడ్డు పని బోర్డు ఎక్కడన్నా ఉంటే అందులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు చూడండి. అది దాటకముందే విరిగిన బండకు కాంట్రాక్టరే సొంత ఖర్చుతో వేయాలి. అర్జీలో ఆ తేదీ రాస్తే ఇంజనీరుకు నిధులు లేవనే మాట ఉండదు. ఇంకోటి, కొత్త టెండరు పిలవకముందే వెళ్లండి. అంచనా తయారయ్యాక మనిషి దిగే గుంత (చాంబర్) ఒక్కటి కలపాలన్నా ఫైలు మళ్లీ మొదటికి.

కుందలహళ్లి_కాలినడక | సోమవారం రాత్రి 8:30

స్కైవాక్ కొట్టేశాం. కమిటీలో పెద్దగా గొడవ కాలేదు, 86 మెట్లు అనగానే సగంమంది ఆగిపోయారు. వెనక ద్వారానికి జనరల్ బాడీలో పెడుతున్నాం, దొంగల భయం అంటున్నారు, చూడాలి. ఒకే సందేహం మిగిలింది. మీడియన్‌లో మెట్రో స్తంభాలుంటే నిలబడే చోటు ఎక్కడ పెట్టాలి? స్తంభం చాటు నుంచి పిల్లలు హఠాత్తుగా రోడ్డు మీద పడతారని బడివాళ్లు భయపడుతున్నారు.

రోడ్డుకొలత | సోమవారం రాత్రి 9:25

సరైన భయం. రెండు స్తంభాల సరిగ్గా మధ్యలో పెట్టండి. స్తంభాల మధ్య సాధారణంగా 25 మీటర్ల పైన ఉంటుంది, అంటే అటూ ఇటూ 12 మీటర్లు దొరుకుతాయి. మీడియన్‌లో కోసిన దారి రోడ్డు మట్టంలోనే ఉండాలి, మెట్టు పెట్టకూడదు. దాటే దిశలో ఆ చోటు పొడవు కనీసం 1.2 మీటర్లు, చక్రాల కుర్చీ, తోపుడు బండి ఇముడాలంటే 2 మీటర్లు.

దారి తిన్నగా కాకుండా మెలిక వేయించండి. మొదటి సగం దాటాక ఎడమకు 3, 4 మీటర్లు నడిచి, అక్కడి నుంచి రెండో సగం దాటాలి. మనం ఎడమ పక్క నడిపే దేశం కాబట్టి రెండో సగంలో వాహనాలు ఎడమ నుంచి వస్తాయి. ఎడమకు నడిచేవాడికి అవి ఎదురుగానే కనబడతాయి. కుడికి మెలిక వేస్తే వీపు చూపిస్తూ నడుస్తాడు. గీసేవాళ్లు తరచుగా తారుమారు చేసేది ఇక్కడే, డ్రాయింగు చేతికొచ్చినప్పుడు ముందు దాన్నే చూడండి.

స్తంభం కంటే పెద్ద ముప్పు మీడియన్ మొక్కలు. ఆరేళ్ల పిల్ల ఎత్తు 1.1 మీటర్లు, కంచె పక్కన పెంచే మొక్కలు అంతకు మించి ఉంటాయి. వాహనం వచ్చే వైపు కనీసం 35 మీటర్లు మొక్కల్ని 50 సెంటీమీటర్లకు కత్తిరించాలి, లేదా తీసేయాలి. కంచెకు కట్టిన ప్రకటన బోర్డులు కూడా.

మదనపల్లె_మామ | సోమవారం రాత్రి 9:40

టేపు ఎవరి దగ్గర ఉందప్పా? మూడు మీటర్ల టైలరు టేపుతో రోడ్డు కొలిచేరు. 30 మీటర్ల ఫైబర్ టేపు ఎస్పీ రోడ్డులో దొరుకుతాది, శనివారం లోపల తెచ్చుకోండి.